శుక్రవారం ఐదింటిదాకా

"ఇంకా అదే అమ్మా! వెయిటింగ్ లిస్టు, ఒకటో నంబరు. సోమవారం నుంచీ అక్షరం కదల్లేదు!"

కొడుకు ఫోనును సోఫా మీదికి విసిరాడు. అది ఎగిరి కింద పడబోతుంటే తల్లి ఒడుపుగా పట్టుకుంది.

వాడు సీటుకోసం చూస్తున్నది పాఠం చెప్పడం నేర్పడానికే పెట్టిన ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. పరిశోధనలూ అవీ తరవాత. ముందు పిల్లల ఎదురుగా నిలబడి చెప్పగలవా, లేదా? అందుకే రాతపరీక్షలో నెగ్గినవాళ్ళను నాలుగు రోజులపాటు జట్లుజట్లుగా పిలిచారు. ఒక్కొక్కరినీ ఐదో తరగతి గదిలోకి పంపి, పది నిమిషాలు లెక్కలు చెప్పించారు.

లెక్కల కోర్సుకు ఇరవై నాలుగు సీట్లు. ఇరవై ముగ్గురు చేరుతున్నామని చెప్పేశారు. మిగిలిన ఆ ఒక్కరు మాత్రం ఉలకరు, పలకరు. వాళ్ళు తప్పుకుంటేనే వీడికి దారి.

"తాను తినడు, ఇంకొకళ్ళని తిననివ్వడు. ఎవడో గానీ నాకు దొరకాలి..."

"నోరు కడుక్కో," అంది తల్లి.

వాడు గంటకోసారి చూసేవాడు. చూసిన ప్రతిసారీ ఆ వెబ్‌సైటు ‘మీరు మనిషేనా?’ అని అడిగేది. "మనిషినే. ఇలాగే ఉంటే ఎన్నాళ్ళుంటానో తెలీదు," అని పళ్ళు నూరుతూ నొక్కేవాడు. ఇంట్లో ఏ పనీ తెమలడం లేదు. కూర మాడితే ఆ సీటే కారణం, కుళాయి కారినా ఆ సీటే కారణం.

బుధవారం వాడు ఫోను తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. "నువ్వు మాట్లాడమ్మా. నేనైతే నోరు జారతాను."

నలభై నిమిషాలు ఒకటే వాయిద్యం వినిపించాక అవతల గుమాస్తా పలికాడు.

"వెయిటింగ్ ఒకటా? సీటొచ్చినవాళ్ళు తేల్చాలమ్మా. శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా టైముంది."

"అప్పటికీ ఏమీ చెప్పకపోతే?"

"వద్దన్నట్టే లెక్క. సీటు మీవాడికి వచ్చేస్తుంది."

"గడువు పెంచడం లాంటిది..."

"ఒక్క నిమిషం కూడా పెంచం."

ఆమె థాంక్సు చెప్పి ఫోను పెట్టేసింది. ఎవరి మీదో తెలియని కోపంతో ఆరేసిన బట్టలన్నీ లాక్కొచ్చి, మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

భర్తది టైర్ల కొట్టు. మాట కూడా కంప్రెసరులాంటిదే, మీట నొక్కితే ఆగదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అందుకున్నాడు.

"ఎవరో ఆడపిల్ల అయ్యుంటుంది. ఇంట్లో అడిగి చెప్తానని కూర్చుని ఉంటుంది. చేరే ధైర్యం లేనివాళ్ళు దరఖాస్తు పెట్టడం దేనికిట?"

తల్లి గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది బల్లమీద.

"రాకపోతే మాత్రం సోమవారం నుంచి కొట్లో కూర్చో," అన్నాడు కొడుకుతో. "పంక్చర్లు లెక్కపెట్టినా లెక్కలే."

"నాన్నా! ఏడాది పోతుంది నాకు. నీకు నవ్వులాటగా ఉందా?"

తల్లి కంచం పక్కకి జరిపింది. "ఆ పది నిమిషాలూ సరిగా చెప్పుంటే ఈ పాట్లుండేవి కాదు కదరా."

"పిల్లలు గోల చేశారమ్మా. నేనేం చెయ్యను?"

"వాళ్ళ పేర్లడిగావా?"

"పది నిమిషాల భాగోతానికి పేర్లెందుకు?"

దరఖాస్తుతో పంపిన వ్యాసాన్ని మూడుసార్లు దిద్దింది ఆమే. నాలుగోసారి దిద్దితే ఇక అది వాడి వ్యాసం కాదని అక్కడితో ఆపింది.

శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. భర్త కొట్టునుంచి మూడుసార్లు ఫోన్ చేసి, మూడుసార్లూ "ఆ మహానుభావుడు ఏమన్నాడు?" అనే అడిగాడు. ఆమె గ్యాసు పొయ్యి రెండుసార్లు తోమింది. కొడుకు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు.

నాలుగున్నరకు వాడి ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది.

"ఇంకో అరగంటమ్మా. మరిచిపోయినట్టున్నారు. ఈ అరగంట కూడా అలాగే మరిచిపోతే చాలు."

"పోనీ, వాళ్ళకి నిజంగానే కావాలేమోరా."

"కావాలంటే ఇన్నాళ్ళు ఆలోచిస్తారా? వాళ్ళ చోట నేనుంటేనా, మొదటి నిమిషంలోనే నొక్కేసేవాణ్ణి. కావలసినవాళ్ళకి ఆలోచనేంటమ్మా?"

తల్లి వాడి దగ్గరికొచ్చింది. నుదుటిమీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది. వాడు విసుగ్గా తల పక్కకి తిప్పుకున్నాడు, కళ్ళు ఫోనుమీదే ఉన్నాయి.

"నిజమేరా," అంది.

వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఫోను తీసింది. ‘మీరు మనిషేనా?’ అని అడిగింది వెబ్‌సైటు. అవునంది.

నాలుగూ యాభై ఆరుకి, వారం రోజులుగా ఇంటిల్లిపాదీ తిట్టిపోసిన ఆ ఒక్క సీటుకు ఎదురుగా ఉన్న తన పేరు మరోసారి చదువుకుని, ఆమె ‘చేరుతున్నాను’ అన్నచోట నొక్కింది.