ఖాళీ పీరియడ్లు

పలాస కాలేజీలో, చీకటి పడ్డాక, మాధవీలత ఒంటరిగా కంప్యూటర్‌లో టైమ్‌టేబుల్ వేస్తోంది. డయాలసిస్‌కు వెళ్లే తారకేశ్వరరావు మాస్టారికి మంగళ, శుక్రవారాలు ఖాళీ ఉంచడం ఆమెకు అలవాటు. ఆయన పోయాక ఆయన పేరునూ, ఆ ఖాళీలనూ సాఫ్ట్‌వేర్‌లోంచి తనే తీసేసింది.

టైమ్‌టేబుల్ తయారుచేసే బటన్ నొక్కింది. ఈసారి తన పేరు పక్కన మంగళ, శుక్రవారాలు ఖాళీగా వచ్చాయి.

తన కిడ్నీ పరీక్ష ఫలితం రేపే వస్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తన క్లాసులు చేత్తో నింపి మళ్లీ నొక్కింది. మళ్లీ ఖాళీ.

గేటు దగ్గర హారన్ మోగింది. వాచ్‌మన్ కన్నయ్య తలుపు తోశాడు.

"మేడమ్, అప్పట్లో మాస్టార్ని ఆస్పత్రికి తీసుకెల్లీ ఆటో ఒచ్చీసింది. మీరే రమ్మన్నారంట గదేటి? బేగి రండి."