ఏడాది మందు

"కాస్త తల ఎత్తు తాతా, నీటికాసుల జబ్బుకు కంట్లో ఏడాది మందు వేస్తాను," అంది నర్సు భూలక్ష్మి.

"వద్దు. రోజూ వేసుకునే పాత చుక్కలే ఇవ్వు."

"అవి ఇంకెక్కడివి? ఇందులో కంటికి కనబడని రేణువులుంటాయి. ఏడాదంతా అవే మందు వదులుతాయి. హాయి కదా!"

ఆ హాయి నాకు తెలుసు. అప్పట్లో నా భార్య అప్పాయమ్మ రోజూ చుక్కలు వేసి, నేను కళ్లు మూసుకున్నాకే తన బాధలు చెప్పేది. నేను చూస్తుంటే ఆమెకు నోరు పెగిలేది కాదు. ఏడాది మందు వచ్చాక కళ్లు మూసే పని తప్పింది. తన గుండెనొప్పి సంగతి నాకు చెప్పకుండానే చచ్చిపోయింది. అందుకు ఆమెను క్షమించలేదు, మందునూ క్షమించలేదు. తప్పెవరిదో మాత్రం తేలడం లేదు.

"చుక్కలిచ్చినా వేసేదెవరు తాతా?"

అప్పట్లా కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు.