ఆరుగురు యోహానులు

"ఏ రాయి?" అని అడిగాడు కొత్త బిషప్పు.

గౌదెన్సియో వెంటనే చెప్పలేకపోయాడు. డెబ్బై దాటిన మనిషి. గుడి కింది సమాధుల గదిలోకి ముప్ఫై మెట్లు దిగేసరికి ఊపిరి అందడం లేదు. నలభై ఏళ్లుగా ఆ గదికి ఆయనే కాపరి.

ఎదురుగా నేల మీద ఆరు రాళ్లు వరసగా ఉన్నాయి. ఆరింటి మీదా చెక్కింది ఒకటే మాట: యోహాను, బిషప్పు. అంతే. కస్తెల్‌మోరో ఊళ్లో బిషప్పు గద్దె ఎక్కినవాడు ఎవడైనా సరే, అమ్మ పెట్టిన పేరు గుమ్మం బయట విడిచి యోహాను అయిపోవాలి. రోములో పోపులు నయం, పేరు ఒకటే అయినా పక్కన ఓ అంకె తగిలించుకుంటారు. మావాళ్లకు అంకె అంటే నామోషీ. ఎవరు ఎవరో దేవుడికి తెలుసులే అనేవారు. దేవుడికి తెలుసు, గౌదెన్సియోకి తెలుసు. సమాధులు తవ్విన ఇద్దరికీ తెలిసేది, వాళ్లు చలిజ్వరాల్లో పోయారు.

ఈ కొత్తాయనా యోహానే. ఏడోవాడు. గద్దె ఎక్కి నెల తిరగలేదు.

"తొమ్మిదేళ్ల కిందట పోయినవాడు కావాలి నాకు," అన్నాడు. "మా వంశానికి దక్కాల్సిన గద్దె కాజేసినవాడు. వాడి మీద విచారణ జరగాలి."

"చచ్చిపోయినాయన మీదా, ప్రభూ?"

"చచ్చిపోతే తప్పు మాసిపోతుందా?"

"తప్పని తేలితే?"

"నదిలో పారేయిస్తాను. కడపటి రోజున చచ్చినవాళ్లను లేపడానికి దేవదూత బూర ఊదినప్పుడు, లేచి నిలబడడానికి వాడికంటూ జానెడు చోటు ఉండకూడదు."

గౌదెన్సియో చేతికర్ర మీద బరువంతా వేసి నిలబడ్డాడు. ఆ యోహాను ఒంటికి కడసారి నీళ్లు పోసింది ఆయనే. కరువు ఏడాది గాదెలన్నీ ఊరికి తెరిచిపెట్టి, తను గుర్రాలకు వేసే చిక్కుళ్లు ఉడికించుకుని తిన్న మహానుభావుడు. పోయేముందు ఒక్కటే అడిగాడు. "బతికినన్నాళ్లూ నిద్ర లేదు గౌదెన్సియో. ఇకనైనా నన్నెవరూ కదపకుండా చూడు." చూస్తానని ఈయన మాటిచ్చాడు.

"చెబుతావా, ఉరితాడు తెప్పించనా?" అన్నాడు బిషప్పు.

ముసలాయన తల ఎత్తకుండానే కర్రతో ఒక రాయిని చూపించాడు.

మర్నాడు పొద్దున్నే గుడి నిండిపోయింది. శవాన్ని పట్టుబట్టల్లోనే తెచ్చి కుర్చీలో కూలేశారు. ఎండి కట్టెలా అయిపోయింది, ఒకడు చంకన పెట్టుకుని మోసుకొచ్చాడు. చచ్చినవాడు జవాబు చెప్పలేడు కాబట్టి, ఆయన బదులు చెప్పడానికి గుడిలో చిన్న గురువు, ఉర్సో అనే డీకన్ను కుర్చీ వెనక కూర్చోబెట్టారు.

"యోహానూ! నీది కాని గద్దె ఎందుకెక్కావు?" అని గర్జించాడు బిషప్పు.

"నేనెక్కలేదు ప్రభూ! నేను ఉత్త డీకన్ని," అన్నాడు ఉర్సో.

"నిన్ను కాదురా మొద్దూ! వాణ్ని అడుగుతున్నాను. వాడిలా చెప్పు!"

ఉర్సో గొంతు సవరించుకున్నాడు. బొంగురుగా, "ఎక్కమన్నారు, ఎక్కాను," అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. భటులు ఆ నవ్వినవాణ్ని మెడబట్టి బయటికి నెట్టారు.

"తలెత్తి మాట్లాడు!"

ఉర్సో వెనకనుంచి మెడ కింద చెయ్యి పెట్టి పైకి లేపాడు. తల ఒక క్షణం నిలబడి, రెండోవైపుకి వాలిపోయింది.

"చూశారా ఆ మొహం!" అన్నాడు బిషప్పు జనం వైపు తిరిగి. "దొంగతనం రాసిపెట్టి ఉంది. మా వంశం మొత్తంలో ఇలాంటి మొహం ఒక్కటి చూపించండి!"

ఎవరూ చూపించలేదు. మధ్యాహ్నానికి తీర్పు అయిపోయింది. కుడిచేతికి దీవెనలిచ్చే మూడు వేళ్లూ నరికి, శవాన్ని వంతెన మీంచి నదిలోకి విసిరేశారు. కొండల మీద మంచు కరిగే రోజులు. నది ఉరకలేస్తోంది.

వంతెన దగ్గర చేపలమ్మే బెర్తా గౌదెన్సియో దారికి అడ్డం నిలబడింది.

"ఆయన గాదెలో గింజలు తిన్న నోరేనా అది? కాస్త అబద్ధమాడితే నీ నాలుక అరిగిపోయేదా, తాతా?"

"అలిసిపోయానమ్మా. ఇంటికి పోనీ."

"పో. పోయి హాయిగా పడుకో. ఆయనకి మాత్రం పడుకునే చోటు లేకుండా చేశావుగా!"

ఇంటికి పోనివ్వలేదు. బిషప్పు మళ్లీ పిలిపించాడు. మళ్లీ ముప్ఫై మెట్లు. కింద బిషప్పు ఒక్కడే ఉన్నాడు. గెలిచినవాడి మొహంలా లేదు. అరిచి అరిచి గొంతు పోయింది, భుజాలు వాలిపోయాయి.

"ఇక్కడే మా మేనమామ కూడా ఉన్నాడట," అన్నాడు మెల్లిగా. "ఆ దొంగ కంటే ముందు ఈ గద్దె మీద కూర్చున్నది ఆయనే. చిన్నప్పుడు నన్ను పెంచిందీ ఆయనే. పోయినప్పుడు నేను పరదేశంలో ఉన్నాను, గుప్పెడు మట్టి కూడా వెయ్యలేకపోయాను. ఆయనది ఏ రాయి, పెద్దాయనా?"

గౌదెన్సియో కర్ర ఎత్తి, ఖాళీ గుంట పక్క రాయిని చూపించాడు.

బిషప్పు మోకాళ్ల మీద కూలబడ్డాడు. రాయిని రెండు చేతులా నిమిరి, దాని మీద పెదవులు ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఈ రాయి జోలికి ఎవడొచ్చినా వాడికి నా శాపం," అన్నాడు చివరికి. "నా తర్వాత వచ్చే ప్రతి యోహానుకీ ఇది ఆజ్ఞ. రాయించి గోడకి కొట్టించు."

"అలాగే ప్రభూ," అని గౌదెన్సియో ఆ రోజు మొదటిసారి ఒక మెట్టు చూసుకుని కూర్చున్నాడు.

ఆ వేళకి బిషప్పుగారి మేనమామ, కుడిచేతికి మూడు వేళ్లు తక్కువగా, రెండు ఊళ్లు దాటేసి సముద్రం వైపు సాగిపోతున్నాడు.