తాళం వేసిన ఇళ్లు

వీధిలో అడుగు పెట్టినప్పటి నుంచీ ఆ ముసలాయన వెంటపడుతూనే ఉన్నాడు.

నడుముకు తాళాల గుత్తి. అడుగు వేస్తే చాలు, గలగల.

సర్వేకి వచ్చిన ఆవిడ నడక వేగం పెంచింది. పట్టపగలే, కానీ వీధిలో పిల్లి కూడా లేదు.

ఒక్క రోజులో రంగుల ఫ్యాక్టరీ పక్కనున్న ఆ వీధంతా తిరగాలి. ఇంట్లో ఉన్నవాళ్ల చేత గొట్టంలోకి ఊదించి, ఊపిరి బలం రాసుకోవాలి. తాళం వేసి ఉంటే ఫారంలో ఆ ఇంటి నంబరు కొట్టేసి పక్కింటికి పోవాలి. అదీ ఆఫీసు రూలు.

"ఈ ఇల్లు వదిలేశావేం తల్లీ?"

"ఇవాళ ఉన్నవాళ్లే లెక్క తాతా. లేనివాళ్లని నేనెక్కణ్ణుంచి తేను?"

"ఎందుకు లేరో అడగవా?"

"ఫారంలో ఆ గడి లేదు."

"పోనీ, నన్ను ఊదమను."

"మీ ఇంటి నంబరెంత?"

చెప్పబోయాడు. దగ్గుతెర వచ్చి మాట మింగేసింది.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. తాళం వేసిన ఇళ్ల మీద ఈయనకింత ఆరా ఎందుకు? అన్ని తాళాలెందుకు? దొంగే, సందేహం లేదు. పోలీసులకు ఫోన్ చేసింది.

వాళ్లొచ్చి ఆయన రెక్క పట్టుకుని తీసుకుపోయారు.

ఊదినవాళ్లంతా దిట్టంగా ఊదారు. "ఇంత ఆరోగ్యమైన వీధి ఇంకోటి లేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు?" అని ఆఫీసరు రిపోర్టు మీద సంతకం పెట్టేశాడు.

ఆవిడ కూతురిది పుట్టినప్పటి నుంచీ బలహీనమైన ఊపిరి. దాని కోసమే, ఆ రిపోర్టు నమ్మి, అదే వీధిలో అద్దెకు దిగింది.

నెల తిరగకముందే పాపకు దగ్గు పట్టుకుంది.

మందులు పెట్టుకోవడానికి గోడబీరువా తెరవాలి. తాళం కోసం ఇల్లు చూపించిన బ్రోకరును పిలిచింది. అతను జేబులోంచి గుత్తి తీశాడు. అదే గలగల.

"ఇది... ఆ దొంగది కదూ?"

"దొంగేంటమ్మా! ఇది ఆయన ఉన్న ఇల్లే. ఆసుపత్రికి పోయేవాళ్లంతా తాళాలు ఆయన చేతిలోనే పెట్టి పోయేవాళ్లు. తిరిగొచ్చి అడిగినవాళ్లు లేరు."

"మరి ఆయన?"

"పోలీసులు ఒక పూట కూర్చోబెట్టి వదిలేశారు. అట్నుంచటే, గుత్తి నా చేతిలో పెట్టి ఆసుపత్రికి పోయాడు. చనిపోయి నెల దాటింది."

బీరువాలో ఆయన చేత్తో రాసుకున్న లావుపాటి పుస్తకం ఉంది.

పన్నెండేళ్ల లెక్క. ప్రతి ఏడూ అవే ఇళ్లు, అవే మనుషులు. ఏటేటా తగ్గిపోతున్న ఊపిరి అంకెలు. ఆ పైన ఒకే మాట: తాళం.

పక్కగదిలో పాప ఆగకుండా దగ్గుతోంది.

భయంభయంగా పుస్తకం అట్ట తిప్పి చూసింది: తన ఆఫీసు ముద్ర, దాని కింద తనకన్నా ముందు ఇదే గొట్టం పట్టుకుని ఒక్క రోజు సర్వేకి వచ్చి, వీధిని వదల్లేక ఇక్కడే ఉండిపోయిన సర్వేయరు, ఆ ముసలాయన సంతకం.