తాడు ఇవతల

"ఆడవాళ్ళకు ఓటివ్వాలనేవాళ్ళు చేతులెత్తండి!" వేదిక మీంచి కేకేశారు.

అప్పెన్‌జెల్ మైదానంలో ఓటున్న మగాళ్ళ చుట్టూ కట్టిన తాడు ఇవతల, ఆడవాళ్ళలో నిలబడిన ఓటీలియా మొగుడు రెమిగి చేతినే చూస్తోంది. నడుముకు కత్తి కట్టుకున్న మగాడిదే ఇక్కడ ఓటు. రెమిగి కత్తిని పొద్దున తనే తళతళలాడేలా తుడిచి కట్టింది. చెయ్యెత్తుతానని మాటిచ్చాడు.

రెమిగి పక్కవాళ్ళను చూశాడు. చెయ్యి కత్తిపిడి మీదే ఉండిపోయింది.

"వద్దనేవాళ్ళు?"

ఈసారి ఆ చెయ్యి లేచింది.

"మాటిచ్చాడత్తయ్యా!"

"నలుగురూ చూస్తుంటే ఎత్తుతాడుటే, పిచ్చిమొహమా?" అంది అత్త. పొద్దుట్నించీ 'మనకెందుకే ఓటు' అని దెప్పిన మనిషి గొంతు తగ్గించింది. "మీ మామయ్యా నాకు మాటిచ్చాడు. అదే కత్తి. నేనే కట్టా."

చినుకులు మొదలయ్యాయి. ఓటీలియా ఏదో అనబోయింది.

"ఇంటికెళ్ళగానే తుడువు," అంది అత్త. "తుప్పు పడితే నీ కొడుక్కి పనికిరాదు."