అడగని లెక్క

జిరాక్సు షాపులో పనిచేసే మనిషి మిషను మూత సగం ఎత్తి ఆగిపోయాడు.

"ఈ కాలేజీయేనాండీ?" అన్నాడు, చేతిలో ఉన్న ఫీజు కాగితం చూస్తూ.

"ఆయ్. కంప్యూటర్ సైన్సు. మా అమ్మాయి," అని పక్కనున్న శారోన్‌ని చూపించాడు బాబూరావు.

అమలాపురంలో బ్యాంకుకి ఎదురుగా ఉందా షాపు. బాబూరావుది కాట్రేనికోన. పన్నెండేళ్లు కువైట్‌లో నీళ్ల లారీ నడిపి ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి దస్తావేజులు పెట్టి కూతురి చదువుకి పన్నెండు లక్షల లోను తీసుకుంటున్నాడు.

"ఉద్యోగంలో ఎంతొస్తుందన్నారండీ కాలేజీ వాళ్లు?" అన్నాడు ఆ మనిషి.

"ఏడాదికి ఎనిమిది లక్షలకి తగ్గదన్నారు."

"నూటికి ఐదుగురికి వస్తుందండీ అది. మిగతా వాళ్లకి నెలకి ఇరవై వేలు చేతికొస్తే గొప్ప. వాయిదాలు మొదలయ్యేసరికి మీ లోను వడ్డీతో పదిహేడు లక్షలవుద్ది. నెలకి ఇరవై మూడు వేలు కట్టాలి."

బాబూరావు ముఖం మారింది. ఆ మనిషి చూసుకోలేదు. శారోన్ ర్యాంకు కార్డు తీసి, ఆమె వైపు తిరిగాడు.

"ఈ ర్యాంకుకి గవర్నమెంటు కాలేజీలో ఎలక్ట్రికల్ వస్తుందమ్మా. అక్కడ ఫీజు తక్కువ. చదువుకుంటూనే కంప్యూటర్ నేర్చుకోవచ్చు. కావాలంటే నేను..."

"నిన్నడిగేనా?" అన్నాడు బాబూరావు.

షాపులో ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"మా నాన్న ఒకరి చేలో కూలి చేసేడు. నేను ఎడారిలో లారీ తోలేను. నా కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంటానంటే నీకు కంటగింపుగా ఉందా? మా పిల్లలకి తక్కువ చదువులు చాలా? కాగితానికి రెండ్రూపాయలు తీసుకునేవాడివి, కంప్యూటర్ చదువు సంగతి నీకేం తెలుసు?"

"తెలిసే చెబుతున్నానండీ," అన్నాడు ఆ మనిషి మెల్లగా.

బాబూరావు షాపు యజమాని మాణిక్యాలరావుని పిలిచాడు. "అందరి కాగితాలూ చదివి అపశకునం పలకడానికా ఈయన్ని పెట్టుకున్నారు? బ్యాంకుకొచ్చే ప్రతివాడికీ చెబుతాను, మీ షాపు గడప తొక్కొద్దని."

మాణిక్యాలరావు తల పట్టుకున్నాడు. "ఇది మూడోసారండీ," అన్నాడు ఆ మనిషితో. "నా వ్యాపారం పోతుంది. రేపట్నుంచి రాకండి."

ఆ మనిషి కాపీలన్నీ వరసలో సర్ది, పిన్ను కొట్టి శారోన్ చేతికిచ్చాడు.

"బాగా చదువుకో అమ్మా," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బాబూరావు బ్యాంకుకి వెళ్లి చెప్పినచోటల్లా సంతకాలు పెట్టాడు. ఆ రోజంతా అతని కోపం తగ్గలేదు.

శారోన్ బాగానే చదివింది. ఎనిమిది లక్షలిచ్చే కంపెనీ మాత్రం ఆ కాలేజీ గేటు దాటి రాలేదు. ఎనిమిది నెలలు తిరిగాక హైదరాబాదులో ఓ చిన్న కంపెనీలో చేరింది. చేతికి ఇరవై ఒక్క వేలు. హాస్టలుకి, తిండికి పది వేలు పోయేవి.

లోను తీసుకున్న ఐదో ఏడు వాయిదాలు మొదలయ్యాయి. నెలకి ఇరవై మూడు వేలు. యాభై ఎనిమిదేళ్ల బాబూరావు మళ్లీ స్టీరింగు పట్టాడు, రొయ్యల వ్యాను మీద. అయినా రెండు వాయిదాలు తప్పాయి. ఇంటికి నోటీసు వచ్చింది.

నోటీసు పట్టుకుని తిన్నగా కాలేజీకి వెళ్లాడు.

"ఎనిమిది లక్షలని మేం రాసిచ్చిన కాగితం ఉందా?" అన్నాడు ఆఫీసులో కుర్రాడు, తలెత్తకుండా. "అయినా ఇంటర్వ్యూలో మాట్లాడ్డం మీ అమ్మాయికి రాకపోతే మేమేం చేస్తామండీ?"

బాబూరావు బల్ల మీద చెయ్యేసి కొట్టాడు. వాచ్‌మన్లు ఇద్దరొచ్చి రెక్క పట్టుకుని గేటు బయట వదిలారు. గేటు పక్కన, కొత్తగా చేరడానికి వచ్చిన తండ్రులు ఫైళ్లతో బారులు తీరి ఉన్నారు.

ఒళ్లు మండిపోతూ కూతురికి ఫోన్ చేశాడు. శారోన్ అంతా వింది.

"డాడీ, జిరాక్సు షాపులో ఆయన చెప్పిన లెక్క నాకు ప్రతి నెలా ఒకటో తారీఖున గుర్తొస్తుంది. ఆ రోజు నేనన్నా నిన్ను ఆపాల్సింది."

బాబూరావు అట్నుంచటే బస్సెక్కి అమలాపురం వచ్చాడు. మాణిక్యాలరావు కౌంటరు దగ్గరే ఉన్నాడు.

"ఆయన ఎక్కడుంటారండీ? కాళ్లు పట్టుకోవాలి నేను."

"లేరండీ. మీరు గొడవ చేసేక ఈ వీధిలో ఎవరూ పనిలో పెట్టుకోలేదు. సంసారంతో ఎటో వెళ్లిపోయేరు. ఫోను కూడా పలకట్లేదు."

"మీరన్నా నాకు చెప్పొద్దా అండీ, వినమని?"

"మీరెవరి మాటా వినేట్టు లేరండీ ఆ రోజు."

బాబూరావు స్టూలు మీద కూలబడ్డాడు. "ఇంతకీ ఎవరండీ ఆయన?"

"వరప్రసాదం గారండీ. మీ పక్క ఊరే. వాళ్ల నాన్నా కూలి చేసిన మనిషే," అన్నాడు మాణిక్యాలరావు. "మీ అమ్మాయి చదివిన కాలేజీలోనే పదకొండేళ్లు కంప్యూటర్ సైన్సు హెడ్డుగా చేసేరు, ఉద్యోగం రాని పిల్లల పేర్ల పక్కన ఎనిమిది లక్షలని రాసి సంతకం పెట్టమంటే పెట్టలేదని తీసేసేరు."