గోళ్ల రంగు చుక్క

మార్లీస్ వెండి దొంగ.

ఎల్డన్‌కి ఇందులో అనుమానమేమీ లేదు. ఊళ్లో కాఫీ తాగడానికి చేరేవాళ్లందరికీ చెప్పాడు. ఆమె పనిచేసే బ్యాంకు కిటికీ ముందు నిలబడి ఆమెకే చెప్పాడు.

"వెండి దొంగగారూ, నా అర డాలర్లు వచ్చాయా?"

"వచ్చాయి. ముందు ఆ టోపీ తియ్యి. ఇది పశువుల సంత కాదు," అంది మార్లీస్, కాగితంలో చుట్టిన నాణేల రోల్స్ ముందుకు తోస్తూ.

"మంచివన్నీ ఏరేసుకున్నావా?"

"ఏరేశాను. తుక్కు నీకు మిగిల్చాను. ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్లయింది?"

"ఇక్కడ చొక్కాలు కూడా డిపాజిట్ తీసుకుంటారా?"

"ఇలాంటివి తీసుకోం. వచ్చే మంగళవారం ఉతికింది వేసుకుని రా."

ప్రతి మంగళవారం ఇదే వరస.

రోల్స్ ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద విప్పేవాడు. నాణెం అంచు చూస్తే చాలు. రాగి గీత కనిపిస్తే మామూలుది. అంచంతా తెల్లగా ఉంటే పాత వెండి, అసలు విలువకు ఎన్నో రెట్లు పలుకుతుంది.

భార్య వెర్నా బతికున్నప్పుడు ఎదురుగా కూర్చునేది. అతను చూసి పక్కకు తోసిన ప్రతి నాణెం మీదా గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టేది. చూసేశాం, ఇక వెతకక్కర్లేదు అని దానర్థం. మళ్లీ ఎప్పుడైనా అదే నాణెం చేతికొస్తే కళ్లకు శ్రమ ఉండదు.

ఏరగా మిగిలినవాటిని కొన్న బ్యాంకులోనే వేయకూడదు. వేస్తే అవే తిరిగి మన చేతికొస్తాయి. నాణేలు ఏరేవాళ్లు మొట్టమొదట నేర్చుకునేది ఇదే. ఎల్డన్ పక్క ఊరి బ్యాంకులో వేసేవాడు.

ఒక్కసారి తప్పాడు.

వెర్నాని ఆస్పత్రిలో చేర్చిన వారం అది. పక్క ఊరికి పోయే తీరిక లేక, బల్ల మీదున్నవన్నీ డబ్బాలోకి ఊడ్చి తెచ్చి మార్లీస్ ముందు కుమ్మరించాడు.

వాటిలో, ఎప్పుడూ ఆ బల్ల మీదే ఉండే వెర్నా అర డాలరు కూడా పోయింది.

1943 నాటి వెండిది. పెళ్లినాడు అదృష్టం కోసం దాన్ని బూటులో పెట్టుకుని చర్చిలో నడిచింది వెర్నా. తర్వాత దాన్ని లాకెట్ చేద్దామని ఎల్డన్ బెజ్జం పెట్టబోయాడు. బెజ్జం పడలేదు, తేదీ పక్కన చిన్న గుంట మిగిలింది. వెర్నా వారం రోజులు నవ్వింది. ఆ ఒక్క నాణెం మీద మాత్రం ఏనాడూ రంగు పడనివ్వలేదు.

అది పోయిందని ఆమెకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. చెప్పకముందే ఆమె వెళ్లిపోయింది.

ఆమెను పాతిపెట్టిన మర్నాడు బ్యాంకుకు వెళ్లాడు.

"వెండిది. తేదీ పక్కన గుంట ఉంటుంది. నువ్వు చూసే ఉంటావు."

మార్లీస్ తలెత్తలేదు.

"రోల్స్ తెప్పిస్తాను. వెతుక్కో."

ఆ తలెత్తకపోవడమే అతనికి రుజువు. ఆ రోజు నుంచి ఆమె వెండి దొంగ. ఆ రోజు నుంచి అతను వెతుకుతూనే ఉన్నాడు. ఏళ్లు గడిచాయి.

ఒక మంగళవారం కిటికీలో కొత్త అమ్మాయి కూర్చుని ఉంది. టెస్ అని పేరు రాసి ఉంది.

"దొంగ ఏది?"

"మార్లీస్ గారు శనివారం పోయారండి. గుండె జబ్బు."

ఎల్డన్ టోపీ తీశాడు. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. చూసేవాళ్లు లేరు.

"ఇది విడిగా పెట్టి ఉంచారండి. తను రాలేని రోజు వస్తే మీకు ఇమ్మన్నారు."

ఒకే ఒక్క రోల్. ఎల్డన్ అక్కడే కాగితం చింపాడు. రాగి గీతలు, రాగి గీతలు. మధ్యలో ఒక తెల్లటి అంచు.

తేదీ పక్కన గుంట ఉంది.

"చూశావా? ఆవిడ దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ ఆవిడ దగ్గరే ఉంది. నేను చెబితే ఎవరు నమ్మారు?"

నాణెం వెనక బొటనవేలికి ఏదో గరుగ్గా తగిలింది. తిప్పి చూశాడు.

ఎర్ర చుక్క.

ఆ రంగు అతనికి తెలుసు. ఆ సీసా వెర్నాతో పాటు ఆస్పత్రికి వెళ్లింది. తిరిగి ఇంటికి రాలేదు.

"ఇది ఎవరు పెట్టారు?"

"మీ ఆవిడేనండి," అంది టెస్. "మీరు కుమ్మరించిన రోజు సాయంత్రమే మార్లీస్ గారు ఈ గుంట చూసి మీ ఆవిడదని గుర్తుపట్టి, దీన్ని పట్టుకుని ఆస్పత్రికి వెళ్లారట. మీ ఆవిడ చుక్క పెట్టి తిరిగి మార్లీస్ గారి చేతికే ఇచ్చేశారట."

"ఎందుకు?"

"'నేను పోతే ఈయన గడప దాటడు. వెతుక్కోడానికి ఏదో ఒకటి ఉండనీ. వారానికోసారి కాస్త పోట్లాడు, చొక్కా ఉతుక్కుంటున్నాడో లేదో చూడు' అన్నారట."

ఎల్డన్ మిగతా నాణేలు కిటికీ దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు.

గురువారం మార్లీస్ అంత్యక్రియల్లో అతను ఇస్త్రీ చొక్కాలో కనిపించాడు. బూటులో ఏదో గుండ్రటిది అడ్డుపడుతున్నట్టు కొంచెం కుంటుతూ, శ్మశానం దాకా నడిచాడు.

తర్వాత చర్చి కింది గదిలో అందరూ భోజనానికి కూర్చున్నారు. పాత స్నేహితుడు గస్ పక్కకొచ్చాడు.

"మొత్తానికి నీ వెండి దొంగ పోయింది. పోతూ పోతూ నాణెం జాడేమైనా చెప్పిందా?"

"ఆమెకో పేరుంది. మార్లీస్."

"అదేంటోయ్, ఇన్నాళ్లూ నువ్వేగా..."

"ఆ సంగతి నేనిక మాట్లాడను."

మాట్లాడలేదు.